మైకు కూడా అడగండి

హోటల్ సామాను ఎగ్జిబిషన్‌కి వెళ్ళొచ్చిన మన గోదావరి జిల్లాల వాళ్ళని ఒకసారి కదిపి చూడండి. ఏ యంత్రం గంటకి ఎన్ని ఇడ్లీలు దించుతుందో, ఏ గ్రైండరుకి ఎన్నేళ్ళ గ్యారంటీ ఇచ్చారో, బేరం ఎక్కడ తెగిందో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అదే ఆవరణలో, పక్క హాల్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నడిచిన ప్రసంగాల మాటెత్తితే మాత్రం "ఏసీ బావుందండీ, కాసేపు కూచున్నాం" అని నవ్వేస్తారు. నా పేచీ అంతా ఆ నవ్వుతోనే.

ఇలాంటి ప్రదర్శనల్లో ఎక్కడైనా సగం అమ్మకం, సగం పాఠం. ఢిల్లీ ప్రగతి మైదానంలో కేంద్ర ప్రభుత్వ వాణిజ్య ప్రదర్శనల సంస్థ ఐటీపీఓ ఏటా జరిపే ఆహార్ అయినా, దుబాయ్‌లో 1987లో మొదలైన గల్ఫుడ్ అయినా, షికాగోలో మే నెలలో అమెరికా రెస్టారెంట్ల సంఘం పెట్టే షో అయినా అంతే. ఆ అమెరికా సంఘం 1919లో పుట్టింది. నూరేళ్ళు దాటినా పాఠం మానలేదు. స్టాల్ కావాలంటే డబ్బు కట్టాలి. మైకు కావాలంటే కాగితం రాయాలి. డబ్బు కట్టడానికి మనవాళ్ళు వెనకాడరు, కాగితం దగ్గరే చేతులెత్తేస్తారు.

అందువల్ల ఏమైందంటే, వంటింటి గురించి మాట్లాడే వేదిక మీద వంటింట్లో చెమటోడ్చినవాడు తప్ప అందరూ కనిపిస్తున్నారు. సలహాలిచ్చేవాళ్ళు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు, ఫ్రాంచైజీలు పంచేవాళ్ళు. నేను విన్న ఒక ప్రసంగానికి "వంటింట్లో వృథా తగ్గించడం ఎలా" అని పేరు. ముప్పావు గంటలో అరగంట ఒక ఓవెన్ గుణగణాలు వర్ణించారు. మిగిలిన పావుగంట ఆ ఓవెన్‌ని వాయిదాల మీద ఎలా కొనుక్కోవచ్చో చెప్పారు. వృథా గురించి ఆ రోజు మాకు అబ్బిన జ్ఞానమంతా అనుభవపూర్వకమే.

2017 నవంబరులో ఢిల్లీ వరల్డ్ ఫుడ్ ఇండియా ప్రదర్శనలో షెఫ్ సంజీవ్ కపూర్ ఆధ్వర్యంలో 918 కిలోల ఖిచిడీ వండి గిన్నిస్ పుస్తకానికెక్కారు. దేశమంతా చెప్పుకుంది. అంతకు ఏడాది ముందే, 2016 సెప్టెంబరు 6న, తాపేశ్వరంలో చేసిన లడ్డూ 29,465 కిలోలు తూగి అదే పుస్తకంలో చేరింది. తూకం సంగతి అందరికీ తెలుసు. అంత బూందీకి పాకం ఒకే తీరున ఎలా పట్టింది? చల్లారిపోకముందే ఎలా కలిపారు? అంత బరువు పగుళ్ళివ్వకుండా ఎలా నిలబడింది? నేను తిరగేసిన ఏ హోటల్ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ వీటికి జవాబు లేదు. ఒక గంట పాఠానికి ఇంతకన్నా సరుకేం కావాలి?

ఇంతకీ ఆ కాగితంలో ఏముంటుంది? భయపడాల్సినంత ఏమీ లేదు. షోకి కొన్ని నెలల ముందు, పెద్ద షోలకైతే ఇంకా ముందు, నిర్వాహకులు ప్రతిపాదనలు పిలుస్తారు. పాఠానికి పేరు, కొద్ది మాటల్లో విషయం, అది ఎవరికోసం, చెప్పేవారి అనుభవం, ఇదివరకు మాట్లాడిన వీడియో ఉంటే అది. వీటన్నిటికన్నా ముందు ఎంపిక చేసేవాళ్ళ కన్ను పడేది ఒక ప్రశ్న మీద: విన్నవాడు ఇంటికెళ్ళి మర్నాడు తన హోటల్లో ఏం మార్చగలడు? "కస్టమర్ల సంతృప్తిపై అవగాహన కలుగుతుంది" అని రాశారంటే ఆ కాగితం బుట్టలోకే. "మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, ఉన్న టేబుళ్ళతోనే, ఎవరినీ తొందరపెట్టకుండా ఎన్ని బంతులు తిప్పవచ్చో లెక్క కట్టడం నేర్చుకుంటారు" అని రాస్తే ఆగి చదువుతారు. సొంత హోటల్ గొప్పలు, సొంత సరుకు పొగడ్తలు వద్దని చాలాచోట్ల ముందే షరతు పెడతారు కూడా. ఆ షరతు ఓవెన్ వారికి ఎలా వర్తించలేదన్నది వేరే కథ, దానికి తర్వాత వస్తాను.

పై బంతుల లెక్క నేను ఊరికే కల్పించలేదు. 1950ల నుంచి కాకినాడకి అన్నం పెడుతున్న సుబ్బయ్యగారి హోటల్లో మధ్యాహ్నం వేళ నిలబడి చూసిన ఎవరికైనా ఆ ప్రశ్న తడుతుంది. వాళ్ళ బుట్ట భోజనం సంగతే తీసుకోండి. అన్ని కూరలు, పచ్చళ్ళు, పులుసు, పెరుగు ఒకదాన్నొకటి ముట్టుకోకుండా ఇల్లు చేరాలి. ఇంటికి భోజనం మోసుకెళ్ళే యాప్‌లు వచ్చాక ప్రపంచంలో హోటళ్ళ వాళ్ళందరి తలనొప్పీ ఇదే కదా.

కాకినాడ నుంచి ఒక్క ప్రతిపాదనే పంపాలంటే మాత్రం నేను నూనె మీద పంపుతాను. నూనె జాతకం మొత్తం ఈ ఊళ్ళోనే ఉంది. పామాయిల్ ఓడల్లో మన రేవుకి వస్తుంది. వాకలపూడి వైపు రిఫైనరీల్లో శుద్ధవుతుంది. మిఠాయి కొట్ల బాణళ్ళలో, సెంటర్లలో బజ్జీల బళ్ళ మీద మరుగుతుంది. ఆ తర్వాత? 2018 జులై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే అది వంటకి పనికిరాదు. వేడి, తేమ, గాలి తగిలినకొద్దీ నూనె విరిగి తయారయ్యే పదార్థాలవి. రోజుకి 50 లీటర్లకు మించి వేపుళ్ళకి వాడే సంస్థలు ఎంత వాడారు, ఎంత తీసి పక్కన పెట్టారు, ఎవరికిచ్చారు అన్నది రాసి ఉంచాలని 2019 మార్చి 1 నుంచి రూలు. అలా తీసేసిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించడానికి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే రూకో పేరుతో కార్యక్రమం పెట్టింది. బయోడీజిల్ ప్లాంటు అంటే ఏ గుజరాత్‌కో పరిగెత్తక్కర్లేదు, యూనివర్సల్ బయోఫ్యూయల్స్ వారిది కాకినాడలోనే ఉంది.

ఓడ దిగడం దగ్గర్నుంచి డీజిల్ అయ్యేదాకా అన్ని మజిలీలూ ఒకే ఊళ్ళో ఉండటం అరుదు. దీన్ని పాఠంగా మార్చాలంటే వేదిక మీద ముగ్గురు చాలు: రిఫైనరీలో పనిచేసే కెమిస్టు, మిఠాయి మాస్టారు, వాడిన నూనె పట్టుకెళ్ళే మనిషి. స్లైడ్లు వద్దు. ఒక స్టవ్వు, రెండు మూడు రకాల నూనె, ఆ పోలార్ కాంపౌండ్స్ కొలిచే ఒక మీటరు. ముందు మాస్టారు నురగ చూసి, పొగ చూసి, వాసన పట్టి "ఇంక చాలండి, దింపేయండి" అనాలి. తర్వాత కెమిస్టు మీటరు ముంచాలి. ఇద్దరి తీర్పూ కలిస్తే ఆ చేతి అనుభవానికి సైన్సు సాక్ష్యం దొరికినట్టు. కలవకపోతే మరీ మంచిది, హాల్లో కునుకు తీసేవాళ్ళు కూడా లేచి కూచుంటారు. పిండి నలకలు వడకట్టకపోతే ఏమవుతుంది, ఉప్పు రాలితే ఏమవుతుంది, పాత నూనెలో కొత్త నూనె పోసి సరిపెట్టే మన అలవాటుకి అసలు ఖరీదెంత అన్నవి అప్పుడు వాళ్ళే అడుగుతారు. ఉన్న సమయంలో మూడో వంతు ఆ ప్రశ్నలకి వదలాలి. వక్తలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ భాగాన్నే.

"మా గుట్టు మమ్మల్నే బయటపెట్టుకోమంటారా?" ఏ మాస్టారిని అడిగినా ముందొచ్చే మాట ఇది. న్యాయమే. కానీ నూరేళ్ళకు పైబడిన కోటయ్య గొట్టం కాజా సంగతి చూడండి. మైదా, పంచదార, నూనె అని ఊళ్ళో బడిపిల్లాడు కూడా చెబుతాడు. అయినా కొరకగానే లోపలి పాకం నోట్లోకి దూకే ఆ గుల్లతనం అందరి చేతికీ రావడం లేదు. పాళ్ళు దాచుకోండి, ఎవరూ అడగరు. అడిగేది వేరు. 2020 అక్టోబరు 1 నుంచి విడిగా అమ్మే మిఠాయిల ట్రేల మీద కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలన్నారు. పాలతో చేసింది రెండో రోజుకే పులుస్తుంటే, పాకం పట్టిన కాజా అన్నాళ్ళు ఎలా నిలుస్తుంది? చిక్కటి పాకం నీటిని పట్టేసుకుని, క్రిములు పెరగడానికి కావలసిన తేమ మిగల్చదు. ఈ తర్కం తెలిసిన కొట్టువాడు తేదీ సరిగ్గా వేస్తాడు. తెలియనివాడు పక్క కొట్టు ట్రే చూసి వేస్తాడు. ఇక ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరుకి చట్టం కాపలా ఉన్నాక, కుండ మీద రేకు తీసే ఒడుపు నలుగురి ముందు చూపించడానికి జంకెందుకు?

పెళ్ళి వంటల వాళ్ళది మరో లోకం. గాడిపొయ్యి మీద గుండిగలెక్కించి, చాపల మీద గుడ్డ పరిచి అన్నం రాశి పోసి వెయ్యి విస్తళ్ళు నడిపిస్తారు. పగటి భోజనానికి తలకింత, రాత్రికింత, ఊరి బంతికి ఒక లెక్క, టౌను బఫేకి ఇంకో లెక్క. ఇదంతా నోటిమీదే ఉంది, ఎక్కడా కాగితం మీద లేదు. ఆ లెక్క తెలిసిన మేస్త్రీ పక్కన ఒక డాక్టరు కూచోవాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి రాశిగా ఉండిపోతే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు పట్టించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే వండినదాన్ని వడ్డించేదాకా 60 డిగ్రీల పైన ఉంచమని, బయట రెండు గంటలకు మించి వదలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అదే అన్నానికి చింతపండు పులుసు దట్టంగా పట్టిస్తే ప్రయాణానికి మూట కట్టుకెళ్తాం. అంత పులుపులో ఆ క్రిమికి పెరగడం కష్టం. మన ఊళ్ళో రంగరాయ మెడికల్ కాలేజీ ఉంది, మైక్రోబయాలజీ చెప్పేవాళ్ళున్నారు. ఒక వంట మేస్త్రీ, ఒక డాక్టరు కలిసి "రాశి పోసిన అన్నం, పులిహోర" అని ప్రతిపాదన పంపితే కాదనే కమిటీ ఉంటుందని నేననుకోను.

ఇంగ్లీషు రాదన్నది సాకు మాత్రమే. జేఎన్‌టీయూలో ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్లలున్నారు, రాసిపెడతారు, వాళ్ళకీ అనుభవం. వేదిక మీద మాస్టారు తెలుగులోనే మాట్లాడాలి, పక్కన ఒకరు అనువదించాలి. ఒక్కటే జాగ్రత్త: రాసిపెట్టినవాడు మైకు పట్టుకుని మాస్టారిని టోపీ పెట్టి బొమ్మలా నిలబెట్టకూడదు. కాగితంలో మొదటి పేరు మాస్టారిదే కావాలి.

నిర్వాహకులకీ ఒక మాట. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు పక్కనే ఖాదీ ప్రదర్శన పెట్టారు. దాని గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడ్డ దుర్గాబాయి అనే చిన్నపిల్ల, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ ఓవెన్ వారిలాంటి స్పాన్సర్‌ని కూడా "కాగితం రాశారా? ఎంపికైందా?" అని అడిగే మనిషి ఇప్పటి ఎగ్జిబిషన్ల గుమ్మం దగ్గర కావాలి. డబ్బిచ్చినవారి ప్రసంగాలు ఇంకో గదిలో, ప్రకటన అని బోర్డు పెట్టి, నిక్షేపంగా జరుపుకోవచ్చు.

రొయ్యల వాళ్ళని చూసైనా నేర్చుకోవాలి. 2016లో విశాఖలో జరిగిన 20వ ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షోలో స్టాళ్ళతో పాటు సాంకేతిక సదస్సులూ నడిచాయి. ఆ రంగం పాఠాన్ని తేలిగ్గా తీసుకోదు, ఎందుకంటే యాంటీబయాటిక్ జాడ దొరికితే కొన్న దేశం కంటైనర్‌ని తిప్పి పంపుతుంది. హోటల్ భోజనాన్ని తిప్పి పంపే దేశమేదీ లేదు. తిని ఊరుకునే మనం ఉన్నాం.

కాబట్టి కాకినాడ హోటళ్ళ వాళ్ళకీ, మిఠాయి వర్తకులకీ, కేటరింగ్ మేస్త్రీలకీ నా విన్నపం. ఢిల్లీకి ముందు ఊళ్ళోనే ఒక పూట ప్రయత్నించండి. సూర్యకళామందిరం అద్దెకి తీసుకోండి, నూనె పాఠంతో మొదలుపెట్టండి, బజ్జీల బళ్ళ వాళ్ళని ముందు వరసలో కూచోబెట్టండి. ఫోనులో రికార్డు చేయండి, ప్రతిపాదనతో పాటు అడిగే వీడియో అదే అవుతుంది. ఆహార్ మార్చిలో వస్తుంది గనక దసరాకల్లా కాగితం సిద్ధం కావాలి. రాయడం దగ్గర ఆగిపోయినవాళ్ళు తెలుగులోనే, చేతిరాతతోనైనా సరే, ఈ శీర్షిక పేరిట పత్రిక చిరునామాకి పంపండి. ఇంగ్లీషు చేసే పూచీ నాది.