కాలు ఎప్పుడు ఎత్తాలో కాగితం చెప్పదు

గరాజ్‌లో నేను తెచ్చి పెట్టిన వాద్యాన్ని చూసి మా ఆవిడ అడిగిన మొదటి మాట, "కుట్టుమిషనా?" తప్పు పట్టలేను. నాలుగు కాళ్లు, బల్లలాంటి పైభాగం, కింద పెడళ్లు, వంగి చూస్తే ఇనప కడ్డీలు, స్ప్రింగులు. పేరు పెడల్ స్టీల్ గిటార్. అమెరికా కంట్రీ పాటల్లో గొంతు వెనకాలే సాగుతూ జారే తీగనాదం దీనిదే. డాలస్ పక్కన పాతికేళ్లుగా ఉంటూ, రేడియోలో విని విని, యాభై మూడో ఏట సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను.

కోరిక ఒక్కటే. బక్ ఓవెన్స్ 1964 నాటి పాట 'టుగెదర్ అగైన్' మధ్యలో టామ్ బ్రమ్లీ వాయించిన సోలో నేర్చుకోవాలి. నిమిషం కూడా ఉండదు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. పిల్లలకు సంగీతం చెప్పించడంలో మనం ఎక్కడ పొరపాటు పడుతున్నామో ఆ ఎనిమిది నెలల్లోనే తెలిసొచ్చింది.

ముందు వాద్యం సంగతి. పది తీగలు. వీణకున్నట్టు మెట్లుండవు, వాటి చోట గీతలు మాత్రం ఉంటాయి. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జార్చాలి. గోటువాద్యం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కుడిచేతి బొటనవేలికీ మరో రెండు వేళ్లకూ పిక్‌లు. కుడికాలి కింద వాల్యూమ్ పెడల్, ఎడమకాలికి మూడు పెడళ్లు, మోకాళ్ల పక్కన మీటలు.

ఎక్కువమంది వాడే శ్రుతిలో ముఖ్యమైన తీగలు స, అంతర గాంధారం, ప మీద ఉంటాయి. మొదటి రెండు పెడళ్లు కలిపి తొక్కితే గ ఒక మెట్టెక్కి మ అవుతుంది, ప రెండు మెట్లెక్కి ద అవుతుంది. స మాత్రం కదలదు. తీగ లాగి గమకం పలికించడం వీణ విన్న మనకు తెలిసిందే. మూడు స్వరాలూ కలిసి మోగుతుండగా రెండు నడిచిపోయి ఒకటి నిలబడిపోవడం నా చెవికి కొత్త. మొదట్లో పెడళ్లను ఎక్కువగా శ్రుతి మార్చుకోవడానికే వాడేవారు. తీగలు మోగుతుండగానే తొక్కి వినిపించినవాడు బడ్ ఐజాక్స్, 1954లో హిట్టయిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో. ఆ తర్వాత స్టీల్ వాయించేవాళ్లు చాలామంది పెడళ్ల వెంట పడ్డారు.

మొదటి రెండు నెలలూ ట్యాబ్ అనే స్వరలిపి కాగితం ముందు పెట్టుకున్నాను. పది గీతలు, వాటి మీద మెట్ల అంకెలు, పెడళ్లకు ఏ, బి అక్షరాలు. అంకెలన్నీ తప్పు లేకుండా పలికాయి. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు, వయసులో డాన్స్ హాళ్లలో స్టీల్ వాయించినవాడు. ఆయనకు వినిపించాను. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. అదే సోలో నోటితో పాడమన్నాడు. రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను.

విజయనగరంలో మా అక్కకు వీణ చెప్పిన మాస్టారూ అంతే. పాడి వినిపిస్తే తప్ప తీగ ముట్టనిచ్చేవారు కాదు. అప్పుడు గుమ్మం బయట కూచుని అక్కను చూసి నవ్వుకున్నాను. నలభై ఏళ్లు పోయాక టెక్సస్‌లో నా వంతొచ్చింది.

ట్యాబ్ తీసి సొరుగులో పెట్టాను. పొద్దున్నే ఆఫీసు పనికి ముందు ఇరవై నిమిషాలు, పాటను సగం వేగానికి తగ్గించి వినడం, పాడటం. ఆ తర్వాతే వాయించడం. కాగితం మీద 'ఏ' అంటే ఒకటే అక్షరం. చెవికి అది ఒకటి కాదు. మీటకముందే తొక్కి ఉంచిన కాలు వేరు, మీటాక మెల్లగా దిగే కాలు వేరు. నాదం సన్నగిల్లుతుంటే వాల్యూమ్ పెడల్ దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య అరచేతి అంచుతో తీగల్ని ఆపాలి. ఇదంతా నా ట్యాబ్‌లో లేదు.

శ్రుతి కూడా అంతే. ఎలక్ట్రానిక్ ట్యూనర్ ముల్లు సరిగ్గా నడిమికి వచ్చేలా గాంధారం కలిపితే కలిసినట్టే ఉండదు. చాలామంది స్టీల్ వాద్యగాళ్లు దాన్ని కాస్త కిందికి దించుతారు. తంబూరా బాగా కుదిరినప్పుడు తనంతట తానే వినిపించే గాంధారం ఉంటుంది చూడండి, ఆ చోటికి. ముల్లును నమ్మినన్నాళ్లూ నాకది దొరకలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి తొమ్మిదేళ్లుగా ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఎన్ని కీర్తనలయ్యాయంటే అరవై అంటుంది. నోట్‌బుక్ పక్కన లేని రోజు ఒక్కటీ పూర్తిగా రాదు. తప్పు పిల్లది కాదు, టీచర్‌దీ కాదు. ప్రతి నెలా "ఇంకా ఎన్ని?" అని అడిగింది నేనే. ఫీజు కట్టే తండ్రి లెక్క అడిగితే, చెప్పేవాళ్లు లెక్కే చూపిస్తారు.

రాత వద్దని నేననను. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ముత్తుస్వామి దీక్షితుల కృతులు పాడేవాళ్లకు ఇవాళ్టికీ పెద్ద దిక్కు. గమకాలకు వేర్వేరు గుర్తులు పెట్టి మరీ రాశారాయన. కానీ జారు అనే గమకం ఎలా ఉంటుందో ముందు విన్నవాడికే జారు గుర్తు పలుకుతుంది. విననివాడికి అదొక గీత.

చదువుల మధ్య అంత తీరికెక్కడిదంటారు. అరవై కీర్తనలకు దొరికిన తీరిక ఒకదానికి దొరకదా? ఏడాదికి ఒక్క కీర్తన ఎంచుకోండి. ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలో, ఈమని శంకరశాస్త్రి వీణో, బాలమురళి గొంతో, ఒక్క రికార్డింగ్ తీసుకోండి. పుస్తకం మూసి, ఆ రికార్డింగ్‌లో ఉన్నది ఉన్నట్టు నోటికి వచ్చేదాకా పిల్లల్ని దానితోనే ఉండనివ్వండి. మిగతా పాఠాలు ఎలాగూ సాగుతాయి. అమ్మానాన్నలు చేయాల్సింది ఒక్కటే, ఎన్ని అని అడగడం మానేయడం. నేను ఈ ఉగాది నుంచి మానేశాను.

మొన్న పెద్దాయన ముందు మళ్లీ వాయించాను. ఈసారి పాడమనలేదు. చివరి వాక్యంలో పెడల్ మీంచి కాలు కాస్త ముందే ఎత్తేశానన్నాడు. నిజమే. ఆయన చెప్పకముందే నాకది వినిపించింది.