డంపరు కేకులో థర్మాకోల్ ఎందుకు?

ఈమధ్య గోదావరిఖనిలో మా బంధువొకరి పదవీ విరమణ సభకు వెళ్లాను. ముప్ఫై ఏళ్లకు పైగా బొగ్గుబాయి దిగి ఎక్కిన మనిషి ఆయన. బల్లమీద ఓపెన్‌కాస్టు డంపరు ఆకారంలో కేకు. అందరమూ ముచ్చటపడ్డాం. ఆయన మనవడు ఆత్రంగా డంపరు తొట్టి కొరికి, మరుక్షణమే ఉమ్మేసి ఏడుపు లంకించుకున్నాడు. చక్కెర పూత కింద ఉన్నది థర్మాకోల్!

చేసినవారిని అడిగితే, "అంతా కేకుతోనే చేస్తే బరువుకు కూలిపోతుందండీ, తేలికైనదేదో ఉండాలి కదా" అన్నారు. తేలికైనది ఉండాలన్న మాట నిజమే. అది తినరానిదే కావాలన్న నియమం ఎక్కడిది?

అమెరికాలో కెలాగ్ సంస్థ 1928లో రైస్ క్రిస్పీస్ అనే పేలబియ్యాన్ని అమ్మకానికి తెచ్చింది. 1939లో ఆ సంస్థలోనే పనిచేసిన మిల్డ్రెడ్ డే, మలిట్టా జెన్సెన్ దానిని కరిగించిన మార్ష్‌మెల్లోతో, వెన్నతో కలిపి ముద్ద చేశారు. అటువంటి ముద్దతోనే నేడు కేకు శిల్పులు బొమ్మలు మలుస్తున్నారు. మార్ష్‌మెల్లో ఖరీదనీ, అందులోని జెలటిన్ శాకాహారులకు పనికిరాదనీ మనవారి అభ్యంతరం. ఒప్పుకుంటాను. కానీ ఆ ముద్దలోని కిటుకేమిటి? పేలిన బియ్యం, దాన్ని పట్టి ఉంచే తీపి జిగురు. మన మరమరాల ఉండ కూడా అంతే కదా!

బెల్లాన్ని కొద్ది నీటితో కరిగించి, వడకట్టి, చన్నీటిలో వేసిన చుక్క గట్టి ఉండ కట్టేదాకా కాచాలి. కాస్త నలిపిన మరమరాలు కలిపి, చేయి పట్టగలిగే వేడి ఉండగానే నెయ్యి రాసుకున్న చేతులతో గట్టిగా అదిమి మలచాలి. చల్లారాక పలుచగా చాకొలెట్ పూస్తే గుంతలు పూడతాయి, చెమ్మ లోపలికి దిగదు. ఆపైన చక్కెర పూత. ఫ్రిజ్‌లో పెట్టరాదు. బొమ్మ పెద్దదై లోపల పుల్ల గుచ్చితే, ఆ సంగతి కోసేవారికి ముందే చెప్పాలి.

"బెల్లం రంగు ముదురండీ" అంటారు. బొగ్గు మోసే డంపరుకు తెల్లని ఒళ్లెందుకు? "నాటుగా ఉంటుంది" అంటారు. ఈ మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. మేడారంలో బెల్లాన్నే బంగారమని పిలిచి సమ్మక్క సారలమ్మలకు సమర్పించే జనం మనం. చక్కెరను అచ్చులలో పోసి, హోలీకి పిల్లల మెడలో పేర్లుగా వేసే జనం మనం. తినే బొమ్మ చేయడం మనకెవరో కొత్తగా నేర్పాలా?

ఉద్యోగమంతా దుమ్ము మింగిన మనిషి ముందు, ఆయన మనవడి ముందు, తినరానిదానికి తీపి పూసి పెట్టడాన్ని నేను మోసమనే అంటాను. డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవానికి ఎవరైనా డంపరు కేకు చేయదలిస్తే, తొట్టిలో మరమరాలు పోయండి.

కాదంటారా? వాదించండి, సిద్ధంగా ఉన్నాను.