నాపరాళ్ళ నడుమ రంగుల పువ్వు

కార్తికము వెళ్ళి మార్గశిరము ప్రవేశింపగనే కర్నూలు, కడప నగరముల కూరగాయల అంగళ్ళలో కాలీఫ్లవరు కుప్పలు దిగును. పువ్వును చేత పట్టి అటునిటు త్రిప్పి, ఇసుమంత పసుపు ఛాయ కనబడినను “ఎండకు చెడినది” యని తిరిగి కుప్పలో వేయుట మన గృహిణులకు సహజము. స్వచ్ఛధవళమే నాణ్యమునకు గుర్తుగా స్థిరపడిన చోట, విత్తనపు పొట్లముల మీద నారింజవన్నె పువ్వును, ఊదావన్నె పువ్వును చూచినవారు “సూదితో రంగునీరు ఎక్కించియుందురు” అని యొకరును, “జన్యువులు మార్చిన పంట” యని మరియొకరును సందేహించుట వింత గాదు. ఈ పువ్వులను పెరటిలో నాలుగు మొక్కలైన పెంచి చూడుడని చెప్పదలచిన నేను మొదట ఈ సందేహమును తీర్పక తప్పదు.

తెల్ల కాలీఫ్లవరైనను మన నేల పుట్టుక కాదు. 1822లో ఇంగ్లండునుండి వచ్చిన విత్తనమును సహారన్‌పూరులోని కంపెనీ బాగ్ అను తోటయందు నాటిరి. తరువాతి కాలమున ఉత్తరాది రైతులు వేడికి తాళిన మొక్కల విత్తనమునే ఏరి దాచుకొనుచు వచ్చుటచేత, ఆ చలిదేశపు మొక్క క్రమముగా మన ఉక్కకును ఓర్చు జాతులను కన్నది. నారింజవన్నె చరిత్ర ఇంతకన్న చిత్రమైనది. 1970లో కెనడా దేశపు ఆంటారియో రాష్ట్రమున, బ్రాడ్‌ఫర్డ్ మార్ష్ అను పల్లపు నేలలోని తెల్లపువ్వుల చేనిలో ఒక్క మొక్క తనంతట నారింజరంగు పువ్వు పూసినది. ఏ ప్రయోగశాలయు దాని జోలికి పోలేదు. పువ్వు చిన్నదే యైనను వన్నెకు మెచ్చి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు దానిని మేలి తెల్లరకములతో సంకరపరచిరి. ఆ గుణమునే ఢిల్లీ నగరమున పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మన దేశపు రకమునకు చేర్చి, 2015-16లో పూసా బీటా కేసరి-1 అను పేర విడుదల చేసినది. ఇక ఊదారంగు మాట చెప్పనే యక్కరలేదు. వంకాయ తోలునకును నేరేడుపండునకును వన్నె తెచ్చు ఆంథోసయనిన్ అను ద్రవ్యమే దీనియందును కలదు.

అయితే ఈ పువ్వులను ఔషధములుగా అమ్మజూచు వారితో నేను ఏకీభవింపజాలను. పూసావారి కేసరి పువ్వులో కిలోకు 8 నుండి 10 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉండును. తెల్లపువ్వులో అది లేనట్లే గనుక శాస్త్రజ్ఞుల కృషి కొనియాడదగినదే. కాని మన వీధి మొగదలనున్న మునగచెట్టు ఆకును అంతే తూకము తీసికొన్నచో అందు దీనికి పదింతలకు మించిన కెరోటిన్ కలదు. తోటకూరయు ఏమంత వెనుకబడదు. కంటిచూపు కొరకే యనుకొన్నచో మునగాకు పొడి ముందు ఈ కేసరి తలవంచవలసినదే. పెరట మునగ లేనివారు మొదట మునగకొమ్మ పాతి, ఆ పిమ్మట కాలీఫ్లవరు ఆలోచన చేయుట మేలు.

మరి దీనిని పెంచుట దేనికి? రంగు కొరకే. ఆ మాట చెప్పుటకు నాకు సంకోచము లేదు, ఏలయన మన ఊళ్ళలో కాలీఫ్లవరునకు రంగు ఇదివరకే వచ్చినది. వచ్చిన త్రోవయే మంచిది కాదు. ప్రొద్దు గ్రుంకగనే కూడళ్ళలో తోపుడుబండ్ల మీద వేగు గోబీ మంచూరియా కంటికి ఎఱ్ఱగా కనబడనిదే పిల్లలు ముట్టరు. పొరుగుననున్న కర్ణాటక ప్రభుత్వము 2024 మార్చిలో ఆ వంటకమునందు కృత్రిమపు రంగులను నిషేధించినది; పరీక్షించిన నమూనాలలో హానికరమైన రంగులు బయటపడినవట. బళ్ళారి బండి వేరు, ఆదోని బండి వేరు అని నమ్ముటకు నాకు కారణము కనబడదు. రంగును కోరు కన్నును తప్పుపట్టుటకంటె దానికి నిజమైన రంగును చూపుట సులభము గదా!

ఊదా పువ్వు వంటలో చేయు వింతను పిల్లలను పొయ్యి దగ్గర నిలువబెట్టి చూపదగును. నీటిలో ఎక్కువసేపు ఉడికించినచో వన్నె నీటిలోనికి దిగి ముక్కలు వెలవెలబోవును. ఆవిరి మీద కొద్దిగా మగ్గనిచ్చి దించి నిమ్మచెక్క పిండినచో, నీలి ఛాయ తిరిగిన ముక్క చూచుచుండగనే గులాబివన్నె తాల్చును. చింతపండు రసమునకును ఇదే ఫలము. వంటసోడా తగిలినచో మాత్రము పచ్చబడి, తినువారిని బెదరించును. నారింజ పువ్వునకు ఈ చాపల్యము లేదు. అది తాలింపులోను తన వన్నె నిలుపుకొని జొన్నరొట్టె ప్రక్కన అందముగా కూర్చుండును.

పెంపకమున మన సీమకు రెండు చిక్కులు కలవు. మొదటిది నాపరాయి. బేతంచెర్ల బండలో, కడప బండలో పరువని పెరడు మన వైపు అరుదు. పగలెల్ల ఎండను త్రాగి రాత్రి దాక వేడిని వెడలగ్రక్కు ఆ పరుపు మీద కుండీ పెట్టినచో మొక్క వేళ్ళు ఉడికిపోవును. గోడకు తూర్పున, మధ్యాహ్నపు నీడ పడు చోట రెండు బండలు పెకలించి, క్రింది మన్నును గుల్లచేసి, మాగిన పశువుల ఎరువు కలిపి, మూరెడు దూరమున మొక్కలు నాటుటయే తగిన ఉపాయము. నల్లరేగడి యైనచో నీరు నిలువకుండ కొంచెము మెట్ట చేయవలయును. మొదళ్ళకు బుడ్డల పొట్టు పరచినచో తడి త్వరగా ఆరదు.

రెండవ చిక్కు కాలము. పుష్యమాసమున సైతము కర్నూలు మధ్యాహ్నము 30 డిగ్రీలకు చేరుట కద్దు. రాత్రి చలియొక్కటే మనకు దిక్కు. కావున ఆశ్వయుజమున నారు పోసి, నాలుగు వారముల నారును కార్తికమున నాటి, పువ్వుగడ్డ కట్టుట చలిరోజులలో పడునట్లు చూచుకొనవలెను. ముదిరిన నారు నాటినచో గుండీ అంత పువ్వు కట్టి ఆగిపోవును. వేడిలో కట్టిన పువ్వు నూక నూకగా విడిపోవును. తెల్లపువ్వునకు వలె ఊదాపువ్వు మీద ఆకులు మడచి కట్టు పని లేదు, వెలుతురు సోకినకొలది దాని రంగు చిక్కబడును. ఆకు తొలుచు పచ్చపురుగులకు చుట్టును రెండు సాళ్ళు ఆవాలు చల్లుట పాత చిట్కాయే. తల్లిపురుగు ముందుగా ఆవమొక్కను వెదకికొని పోవును.

ట్యాంకరు కొరకు బిందెలతో నిలుచు వీధిలో పువ్వులకు నీరా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమే, కనుకనే నేను చేను వేయుమనుట లేదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు చాలునన్ని మొక్కలనే పెంచుమనుచున్నాను.

అసలు లోపము విత్తనముననే కలదు. 20 డిగ్రీలు దాటిన వేడిలోను గడ్డ కట్టు పూసా మేఘన వంటి తెల్లరకమును సృష్టించినది పూసా సంస్థయే, కేసరిని ఇచ్చినదియు అదియే. నారింజవన్నెకు మూలము ఒక్క జన్యువు మాత్రమే గనుక ఈ రెండు గుణములను ఒక్క మొక్కలో కూర్చుట అసాధ్యము కాదు. రైల్వేకోడూరు చెంతనున్న అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధకులు ఉన్నారు. కడప ప్రక్క ఊటుకూరునను, ఎమ్మిగనూరు దాపున బనవాసియందును, బనగానపల్లె వైపు యాగంటిపల్లెయందును కృషి విజ్ఞాన కేంద్రములు కలవు. వీరు రంగు రకములను మన ఎండలో పరీక్షించి, తట్టుకొన్నవానిని ఇరువదేసి గింజల చిన్న పొట్లములుగా రైతుబజారులలో అమ్మించుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అవి దసరాకు ముందే అంగడికి రావలయును. సంక్రాంతికి వచ్చిన విత్తనముతో ఆ యేడు చేయదగినది ఏమియు లేదు.