క్వాజార్ ఒక్క మార్కు బిట్టు కాదు

"క్వాజార్లు వెలగడానికి కారణం గెలాక్సీల విలీనం" అని ఒక్క ముక్కలో రాసి బట్టీ పట్టడం మాకు నచ్చడం లేదు. స్టడీ అవర్లో బిట్లు వల్లించి పైకొచ్చిన వాళ్ళమే మేమూ. మన ఇళ్ళలో అచ్చయిన మాటకు తిరుగుండదు. ఇంటర్ తమ్ముడు గైడులో చూసినదాన్ని ఎమ్మెస్సీ దాకా అలాగే మోసుకొస్తాడు.

ముందు 'ఢీకొనడం' అనే మాట చూడండి. రెండు గెలాక్సీలు కలిసినా నక్షత్రాలు దాదాపు ఒకదానికొకటి తగలవు, వాటి మధ్య దూరం అంత. ఢీకొనేది వాయువు. గురుత్వాకర్షణ లాగుడుకు అది కోణీయ ద్రవ్యవేగం కోల్పోయి కేంద్రం వైపు జారుతుంది. చిక్కబడిన చోట నక్షత్రాలు పుడతాయి. కొంత వాయువు నడిమధ్య కృష్ణబిలంలోకి పోతూ వేడెక్కి విపరీతంగా వెలిగితే అదే క్వాజార్. వాయువు నిండుకున్న గెలాక్సీలు కలిస్తే ఈ సందడేమీ ఉండదు.

సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220 చూడండి. రెండు గెలాక్సీలు కలిసిపోతున్న ఆ చోట ఏటా వందకు పైగా సూర్యుళ్ళంత పదార్థం నక్షత్రాలవుతోంది. మన పాలపుంతలో అది సుమారు రెండు సూర్యుళ్ళంతే. ధూళి కమ్మేయడంతో ఆ వెలుగు ఎక్కువగా పరారుణ కిరణాలుగా బయటికొస్తుంది. 1983లో ఐ.ఆర్.ఏ.ఎస్. ఉపగ్రహం ఇలాంటివాటిని ఎన్నో పట్టుకుంది. 1988లో డేవిడ్ శాండర్స్ బృందం ఒక క్రమం చెప్పింది: ముందు విలీనం, ఆపై ధూళి చాటున నక్షత్రాల పుట్టుక, ధూళి తొలగాక క్వాజార్. చక్కని కథ, అందుకే స్థిరపడిపోయింది.

కానీ 2011లో హబుల్ చిత్రాలతో 140 చురుకైన గెలాక్సీలను పరిశీలిస్తే, నూటికి 85కు పైగా వాటిలో విలీనపు గట్టి ఆనవాళ్ళే లేవు. అవి ఒక మోస్తరు వెలుగువి. 2023లో వెలువడిన మరో అధ్యయనంలో, లా పాల్మా దీవి నుంచి 48 అసలు క్వాజార్లను లోతుగా ఫోటో తీస్తే 65 శాతం చెదిరి కనిపించాయి, మామూలు గెలాక్సీల్లో 22 శాతమే. మరి ఏది నిజం? రెండూ నిజమేనని మా అభిప్రాయం. బాగా వెలిగేవాటికి ఎక్కువగా విలీనమే కావాలి, చిన్నవాటికి సొంత వాయువు లోపలికి జారితే చాలు. మిగిలిన 35 శాతంలో ఆనవాళ్ళు చెరిగిపోయి ఉండొచ్చు, అసలు విలీనమే జరగకపోయి ఉండొచ్చు.

తమ్ముళ్ళకు చెప్పేటప్పుడు సీనియర్లు ఈ రెండు లెక్కలూ చెప్పాలి. "అన్నా, ఆన్సర్ ఏది?" అంటారు, అననివ్వండి. క్వాజార్ ఊదిన గాలికి వాయువు చెదిరి నక్షత్రాల పుట్టుక ఆగిపోతుందన్నది మరో బిట్టు. దాని మీదా ఇదే పంచాయితీ నడుస్తోంది.