బండి కొందామా... ఆగుదామా?

మిరపకాయలు గుంటూరు యార్డుకి వెళ్లి, డబ్బులు చేతికి అందగానే పల్నాడు ఇళ్లల్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. ‘నాన్నా, కాలేజీకి టైముకి బస్సు దొరకట్లేదు, బండి కొనిపెట్టు’ అంటాడు కొడుకు. ‘వాడి చేతికి బండిస్తే ఇంటికొచ్చేదాకా నా ప్రాణం నిలవదు’ అంటుంది తల్లి. ఆ తర్వాత చర్చంతా ఏ కంపెనీ, ఏ రంగు, లీటరుకి ఎంతిస్తుంది... అక్కడక్కడే తిరుగుతుంది. అసలు ఆ కుర్రాడు బండికి తగ్గవాడేనా అని మాత్రం ఎవరూ అడగరు!

అలాగని కొడుకు మాటలో న్యాయం లేకపోలేదు. నరసరావుపేట రైలు ఒక దారి, మాచర్ల రైలు ఇంకో దారి. బస్సేమో మెయిన్ రోడ్డు మీద దింపేసి వెళ్లిపోతుంది. అక్కణ్నుంచి ఊళ్లోకి నడకే. పొలానికైనా, పాలకేంద్రానికైనా, రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా బండి కావాల్సిందే. పైగా ‘వద్దంటే వద్దు’ అని కసిరితే ఏమవుతుంది? స్నేహితుడి బండి అడిగి తీసుకెళ్తాడు... లైసెన్సూ ఉండదు, హెల్మెట్టూ ఉండదు.

ముందు తేల్చుకోవాల్సింది వయసు. గేర్ల బండికి 18 నిండాలి. 16 ఏళ్లకే లైసెన్సు ఇస్తారుగా అనేవాళ్లుంటారు. అది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి మాత్రమే. ఇళ్ల ముందు కనిపించే మామూలు స్కూటర్లు 100 సీసీ పైమాటే కాబట్టి ఆ సాకు చెల్లదు. మైనరు నడుపుతూ దొరికితే తండ్రికో, బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చని 2019లో చట్టాన్ని సవరించారు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఎల్‌ఎల్‌ఆర్‌కి పెట్టే ఫారం-1ని చాలామంది చదవకుండానే సంతకం చేసేస్తారు. మంచి ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. మూర్ఛ ఉందా? కళ్లు తిరుగుతాయా? రేచీకటి ఉందా? పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు చదవగలరా? ఈ చివరిది ఇంటి ముందే పరీక్షించుకోవచ్చు. వీధిలో ఆగిన కారుకి పాతిక మీటర్ల అవతల నిలబడి ఒక్కో కంటితో చదివితే సరి. కొడుకుతో పాటు తండ్రీ నిలబడాలి. కంట్లో శుక్లం ముదిరినా పాలక్యాన్లు తగిలించుకుని తెల్లారకముందే బయల్దేరే పెద్దలు ఏ ఊళ్లో లేరు?

చూపు బాగున్నా ఇక్కడి రోడ్డు వేరు. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నం, సిమెంటు లారీలు. మిర్చి టిక్కీలు ఎత్తుగా వేసుకుని, వెనక ఎర్రదీపం కూడా లేకుండా నడిచే ట్రాక్టర్లు. ఎండబెట్టిన మొక్కజొన్న సగం తారురోడ్డుని మింగేస్తుంది. సాయంత్రమైతే బర్రెలు. ఇక రెంటచింతల ఎండల సంగతి చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం గంటసేపు నడిపితే ఎంతటివాడికైనా చిరాకొస్తుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాల మీద వెళ్తున్నవాళ్లే.

అందుకే షోరూముకి వెళ్లేముందు ఒక నెల ఆగడం మేలు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక అసలు లైసెన్సు పరీక్షకి ఎలాగూ 30 రోజులు ఆగాలి. ఆ రోజుల్లో నేర్పేవాళ్లు తప్ప వెనక ఎవరూ కూర్చోకూడదు. ఇంట్లో బాగా నడిపేవాళ్లు, లైసెన్సున్న బాబాయో మామయ్యో, వెనక కూర్చుని మాట్లాడకుండా గమనించాలి. ఎవడో హారన్ కొట్టి దాటిపోతే వీడూ ఎక్సలేటర్ తిప్పుతున్నాడా? జేబులో ఫోన్ మోగితే చెయ్యి అటు పోతోందా? పోతే ఇంకో ఏడాది బస్‌పాసే. అలిగితే అలగనివ్వండి.

సరేననుకున్నాక ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు, బండి ధరలోనే కలిపి లెక్కేసుకోవాలి. వెనక కూర్చునేది ఎక్కువగా అమ్మే. ఆమె చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు ఉండాలని నిబంధనల్లోనే ఉంది. పాత బండ్లలో స్టయిలు కోసం ఆ గార్డు పీకేసి ఉంటారు. అది బిగించాకే డబ్బు చేతికివ్వండి.