లింకుకు కులం లేదంట! మరి కొనేవాడికో?

ఇప్పుడు మన వాడల్లోకి కొత్త మాటొకటి వచ్చింది: అఫిలియేట్ మార్కెటింగ్. పెట్టుబడి అక్కర్లేదు, కొట్టు అక్కర్లేదు, సరుకు కొనిపెట్టుకోనక్కర్లేదు, నెత్తిమీద అధికారి ఉండడు. చేతిలో ఫోనుంటే చాలు, నిద్రపోతున్నా డబ్బులొస్తాయంట! ఆ గురువులు ఇంకో మాట కూడా కలుపుతున్నారు. అది ముఖ్యంగా మనవాళ్లను చూసి కలిపిన మాట. 'ఇంటర్నెట్‌లో నీ కులం ఎవడూ అడగడు, లింకుకు కులం లేదు' అని. డిగ్రీలు చేసి, గ్రూప్ పరీక్షలకు ఏళ్లకేళ్లు చదివి, నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాసిన పిల్లలకు ఈ మాట ఎంత తియ్యగా తగులుతుందో వేరే చెప్పాలా? ఉద్యోగాలు అడగొద్దు, ఉద్యోగాలిచ్చేవాళ్లు కండి అని పెద్దలు పాట ఎత్తుకుంటే వీళ్లు వంత పాడుతున్నారు.

మేం ఈ పనికి వ్యతిరేకులం కాం. మనవాడు వ్యాపారం చేస్తానంటే 'మీకెందుకురా అవన్నీ' అనేవాళ్లు ఊరి నిండా ఉన్నారు, వాళ్ల వరసలో మేం నిలబడం. అయితే ఈ పనిలో డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతుందో చెప్పకుండా, దానికి 'ఎంట్రప్రెన్యూర్' అని పెద్ద పేరు తగిలించి మన పిల్లలకు అమ్ముతున్నారే, మా తగువంతా అక్కడే.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటునీ, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారునీ మనం ఎరుగుదుం. పంట రైతుది, కొనేవాడు వేరొకడు, మధ్యలో ఇతనికి నూటికింత. అఫిలియేట్ అన్నా ఇదే. కంపెనీ దగ్గర పేరు నమోదు చేసుకుంటే నీ గుర్తు కలిపిన లింకు ఇస్తారు. దాన్ని నువ్వు వాట్సప్‌లోనో, యూట్యూబ్ వీడియో కిందనో, టెలిగ్రామ్‌లోనో పెడతావు. దాన్ని నొక్కి ఎవరైనా సరుకు కొంటే నీకు కమీషన్. నొక్కినవాడి ఫోనులో నీ గుర్తు కొంతసేపు నిలిచి ఉంటుంది, దాన్ని కుకీ అంటారు. అమెజాన్‌లో దాని ఆయుష్షు 24 గంటలు. ఇవాళ నీ లింకు నొక్కి చూసి, బుట్టలో కూడా వేసుకోకుండా వెళ్లిపోయి, కూలి డబ్బులొచ్చాక వచ్చేవారం తనంతట తాను కొన్నాడనుకో, నీకు చిల్లిగవ్వ రాదు. కొన్నవాడు సరుకు వాపసు చేస్తే వచ్చిందనుకున్న కమీషన్ కూడా పోతుంది. చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలన్నా లేకపోతే నీ ఖాతానే మూసేస్తారు. నెత్తిమీద అధికారి లేడన్నారు కదా, మరి ఇదంతా ఎవరు నిర్ణయిస్తున్నట్టు?

యార్డులో అడ్తిదారుకి సొంత కొట్టుంది, లైసెన్సుంది, రైతుకు అప్పిచ్చి కట్టేసుకునే బలముంది. మనవాడికున్నది ఒక్క లింకు. అదీ కంపెనీ ఇస్తే ఉంటుంది, తీసేస్తే పోతుంది. అమెజాన్ ఈ పద్ధతిని 1996లోనే పెట్టింది. దాన్ని నమ్ముకుని అమెరికాలో వేలమంది ఏళ్ల తరబడి బతికారు. 2020 ఏప్రిల్‌లో, కరోనాతో జనమంతా ఇళ్లలో కూచుని ఆన్‌లైన్‌లో ఎగబడి కొంటున్న రోజుల్లో, ఆ కంపెనీ అక్కడ ఫర్నిచర్ మీద కమీషన్‌ను 8 శాతం నుంచి 3కి, కిరాణా మీద 5 నుంచి 1కి కోసేసింది. అమ్మకాలు పెరిగిన నెలలోనే ఏజెంటు కడుపు కొట్టారన్నమాట. వాళ్లకి యూనియన్ లేదు, కార్మిక చట్టం లేదు. ఉండదు కూడా, ఎందుకంటే వాళ్లు కార్మికులు కాదు, 'భాగస్వాములు'!

ఇక లెక్క వేద్దాం. 500 రూపాయల వస్తువు, కమీషన్ 5 శాతం అనుకుందాం. ఒక అమ్మకానికి 25 రూపాయలు. నెలకు 15 వేలు కావాలంటే 600 మంది కొనాలి. నొక్కిన నూరుమందిలో ఇద్దరు కొంటారని ఉదారంగా అనుకున్నా, నెలకు 30 వేల సార్లు ఆ లింకు నొక్కాలి. అంటే రోజుకు వెయ్యిసార్లు. ఆ వెయ్యిమంది ఎవరు?

అసలు సంగతి ఇక్కడుంది. గురువులు మొదటి పాఠంలోనే 'నీ ఫోనులో ఉన్నవాళ్లతో మొదలుపెట్టు' అంటారు. సరే, తెరుద్దాం. మనవాడి ఫోనులో ఎవరున్నారు? ఉపాధి హామీ పనికి పోయే పెద్దమ్మ, ఆటో నడిపే బావ, అంగన్‌వాడీ ఆయా, మేస్త్రీ, హాస్టల్లో కలిసి చదివి తనలాగే ఖాళీగా ఉన్న స్నేహితులు. పెద్ద కులపోడి కొడుకు ఫోనులో ఎవరున్నారు? డల్లాస్‌లో బాబాయి, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ అక్క, బ్యాంకు మేనేజరు మేనమామ, అపార్టుమెంటు సంఘం వాట్సప్ గ్రూపు. ఇద్దరికీ కంపెనీ ఇచ్చింది ఒకే లింకు. ఒకడు నొక్కిస్తే ఏసీ అమ్ముడవుతుంది, ఇంకొకడు బతిమాలితే ఫోను కవరు అమ్ముడవుతుంది. లింకుకు కులం లేదు, నిజమే. ఫోను పుస్తకానికి ఉంది. పెట్టుబడి లేని వ్యాపారమని ఎవడన్నాడు? తాత ముత్తాతల భూమి, వాళ్ల చదువు, వాళ్ల చుట్టరికం, అదంతా పెట్టుబడి కాదా? ఆర్నెల్లు పైసా రాకపోయినా అన్నం పెట్టే ఇల్లు పెట్టుబడి కాదా?

మిక్సీలూ చార్జర్లూ అమ్ముడుపోక కుర్రాడు డీలాపడినప్పుడు అసలు దుకాణం తెరుస్తారు. 'తమ్ముడూ, సరుకులతో ఏం వస్తుంది? మా కోర్సు అమ్ము, సగానికి పైగా కమీషన్ నీదే. ముందు నువ్వు ఆ ప్యాకేజీ కొనాలి, అంతే.' అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి ఆ డబ్బు కడతారు. ఆ కోర్సులో ఏముంటుంది? ఆ కోర్సునే ఇంకొకడికి ఎలా అమ్మాలో ఉంటుంది! సొమ్మొకడిది, సోకొకడిది. ఇక్కడ సరుకు మిక్సీ కాదు, పక్కింటి కుర్రాడు.

దీనికి చట్టం ఏనాడో పేరు పెట్టింది. మనిషిని చేర్చితే డబ్బు వచ్చే గొలుసును 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం నేరమంది. చేర్చడమే కాదు, చేరడం కూడా నేరమే. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను మళ్లీ నిషేధించాయి. కంప్యూటర్ పాఠాల ప్యాకేజీ పేరుతో విద్యార్థులను గొలుసులో కట్టిన ఈబిజ్ మీద సైబరాబాద్ పోలీసులు 2019లో కేసు పెట్టి అరెస్టులు చేశారు. ఆ ముచ్చట అప్పుడే మర్చిపోయామా?

ఇంకో గొయ్యి ఉంది, అది మరీ లోతు. అందరికంటే ఎక్కువ కమీషన్ ఆశ చూపింది బెట్టింగ్ యాప్‌లవాళ్లు. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద ఆ ప్రచారానికి కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. సినిమా హీరోకి వకీళ్లుంటారు. టెలిగ్రామ్‌లో లింకు పెట్టిన మన మాలపల్లె, మాదిగపల్లె పిల్లవాడికి ఎవరుంటారు? అగ్రిగోల్డ్ మునిగినప్పుడు చూశాం కదా. సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు. కంపెనీ పెద్దలు కనపడలేదు, జనం పట్టుకున్నది వీధిలో ఉన్న ఏజెంటు చొక్కాని. చెప్పినవాడే మొహం చూపించాలి, అది మనూళ్ల నీతి. లింకు పెట్టినా అంతే.

అయినా చేస్తాననేవాళ్లు ఉన్నారు, చెయ్యండి. నిజమైన అఫిలియేట్ కార్యక్రమంలో చేరడానికి పైసా కట్టక్కర్లేదు. ఎవడన్నా చేరిక డబ్బు అడిగాడా, అక్కడే లేచి వచ్చెయ్యండి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ తర్వాత మీకు నిజంగా తెలిసిన ఒక్క విషయం పట్టుకోండి. తోలు చెప్పుకీ రెగ్జిన్ చెప్పుకీ తేడా చేత్తో తడిమి చెప్పగల ఇళ్లు మనవి. ఆ తెలివి అవమానమని ఎవరన్నారు? ఏ కంపెనీ చెప్పు ఎన్నాళ్లు నిలుస్తుందో విప్పి చూపించే తెలుగు వీడియో ఎవడు చేస్తాడు, మనం తప్ప? గ్రూప్-2కి ఏ పుస్తకం పనికొస్తుందో, ఏది బరువు చేటో హాస్టల్ పిల్లలకంటే ఎవరికి తెలుసు? పురుగుమందు కొట్టే స్ప్రేయరు ఏది వీపు కోస్తుందో వీపు మీద మోసినవాడు చెప్పాలి. అలా చెబితే మీ ఫోనులో లేనివాళ్లు వెతుక్కుంటూ వస్తారు, చుట్టరికాన్ని దాటే దారి మాకు కనపడేది అదొక్కటే. అది నెలలతో తేలదు. అందాకా చేతిలో ఉన్న పని వదలకండి. బాగాలేని సరుకును బాగాలేదనే చెప్పండి, కమీషన్ పోతే పోనీ. లింకు పక్కనే 'దీంతో కొంటే నాకు కమీషన్ వస్తుంది' అని తెలుగులో రాయండి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటి సంబంధం దాచకూడదు. తప్పుదారి పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా జరిమానా ఉంది. మన పెద్దమ్మకీ బావకీ మాత్రం అక్కర్లేనిది అంటగట్టకండి. పేదోడి జేబులోంచి పేదోడి జేబులోకి 25 రూపాయలు మార్చి, మిగతా 475 ఎక్కడికో పంపడం వ్యాపారం ఎలా అవుతుంది?

ఇప్పటికే ప్యాకేజీ డబ్బు కట్టినవాళ్లు సిగ్గుపడి దాచుకోకండి. డబ్బు పంపిన ఫోన్‌పే వివరాలు, 'నెలకు లక్ష' అని పంపిన మెసేజిలు, జూమ్ మీటింగు ఫొటోలు తుడిచెయ్యకుండా తీసిపెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, సైబర్ మోసాలకు 1930. ఒక్కడుగా పోతే స్టేషన్లో 'నువ్వెందుకు కట్టావ్' అంటారు. ఒకే గురువుకి కట్టినవాళ్లు పదిమంది కలిసి, రాసుకుని, రసీదు తీసుకుని రండి.