జ్వరమొచ్చిన కూలికి సెలవేది?

కరోనా కాలంలో ప్రభుత్వాలు మనకు రెండు మాటలు చెప్పాయి. ఒళ్లు వెచ్చబడితే ఇల్లు కదలొద్దన్నాయి. వ్యవసాయ పనులు మాత్రం ఆగకూడదన్నాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే పొలం పనులకు మినహాయింపు వచ్చింది. కోతకొచ్చిన వరి, తెంపాల్సిన మిరప ఎవరికోసమూ ఆగవు కాబట్టి అది సరైనదే. మరి ఆ పని చేసేవాళ్లే జబ్బుపడితే రెండు వారాలు ఏం తిని ఇంట్లో ఉండాలి? దానికి మాత్రం జవాబు లేదు.

ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అందుతుంది. ఆ ఏర్పాటు 1948 నాటి చట్టంతో వచ్చింది. తల్లిదండ్రులకు కరోనా సోకిన కేంద్ర ఉద్యోగులకు 2021లో 15 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చారు. వాళ్లకు ఇచ్చారని మనకు కడుపుమంట లేదు. నాట్లేసే మనిషికి ఎందుకు లేదన్నదే మన ప్రశ్న. ఉపాధి హామీ చట్టంలో కూడా పని దగ్గర గాయపడి ఆసుపత్రిలో చేరితేనే సగం కూలి రాశారు. జ్వరానికి పైసా లేదు.

ఫలితం మనకు తెలిసిందే. రోజు కూలి పోతుందని జ్వరం మాత్ర మింగి, కిక్కిరిసిన ఆటోలో పదిమందితో కలిసి పనికి పోతారు. సెలవు లేనిచోట జబ్బు దాక్కుంటుంది, దాక్కుని ఊరంతా పాకుతుంది. కౌలు రైతుదీ అదే గతి. మంచం పట్టినా కౌలు కట్టక తప్పదు.

"రైతే ఇవ్వొచ్చుగా" అనేవాళ్లున్నారు. ఈరోజు ఒకరి చేలో, రేపు మరొకరి చేలో పనిచేసే కూలికి యజమాని ఎవరు? గిట్టుబాటు ధరే దక్కని రైతు ఎక్కడినుంచి తెస్తాడు? ఇది రైతుకూ కూలికీ తగువు పెట్టే మాట. 2020 సెప్టెంబరులో మూడు సాగు చట్టాలతోపాటే సామాజిక భద్రతా కోడ్‌నూ పార్లమెంటు ఆమోదించింది. అసంఘటిత కార్మికులకు పథకాలు పెడతామన్న ఆ కోడ్, జబ్బు రోజుల కూలిని వారి హక్కుగా రాయలేదు. సాగు చట్టాలను పోరాడి వెనక్కి కొట్టాం. ఇదీ పోరాడితేనే వస్తుంది.

వ్యవసాయ కూలీలకు, కౌలు రైతులకు, సన్నకారు రైతులకు ఏడాదికి 15 రోజుల జబ్బు భత్యాన్ని కనీస వేతనం లెక్కన ప్రభుత్వమే చెల్లించాలని డిమాండ్ చేస్తున్నాం. పీహెచ్‌సీ చీటీయే ఆధారం కావాలి. ప్రతి గ్రామసభలో తీర్మానం చేయిద్దాం, తహసీల్దారుకు అందజేద్దాం. మరో మహమ్మారి వచ్చాక అడిగితే, అప్పటికి మనలో ఎందరు మిగులుతాం?